స్టార్ట్ మెనూ సర్దేది మనమా, విండోసా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంకో ఏడాది పాటు సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకోవడానికి ఒక దారి ఉంచారు గానీ, ఆ తిప్పలెందుకని చాలామంది విండోస్ 11కి మారిపోయారు. మారిన మొదటి రెండు మూడు రోజుల్లో వాళ్ల నోట ఎక్కువగా వినపడే మాట ఒకటుంది. "నా ప్రోగ్రాములన్నీ ఏమైపోయాయి?"

ఏమీ కాలేదు. ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్లే దారి మారింది. అదీ ఒక్కసారి మారి ఊరుకోలేదు. 2021 అక్టోబర్ 5న విండోస్ 11తో పాటు వచ్చిన స్టార్ట్ మెనూ ఒకటి. 2025 అక్టోబర్ చివర్లో మొదలుపెట్టి, నవంబర్ అప్‌డేట్‌తో విడతలవారీగా పంపిన మెనూ ఇంకొకటి. అందుకే యూట్యూబ్‌లో ఎవరో "ఆల్ యాప్స్ బటన్ నొక్కండి" అంటుంటే మన స్క్రీన్ మీద ఆ బటనే కనపడదు. పక్క సీటాయన కంప్యూటర్‌లో ఒకలా, మనదాంట్లో ఇంకోలా ఉన్నా కంగారు పడక్కర్లేదు. ఒకరికి ముందు వచ్చింది, ఇంకొకరికి వెనక వస్తుంది.

ఈ తలనొప్పిలో నిజానికి రెండు సమస్యలు పెనవేసుకుని ఉన్నాయి. మొదటిది చేతి అలవాటుది. ఏళ్ల తరబడి ఒకచోటికి వెళ్లిన చేయి ఇంకా అక్కడికే వెళ్తుంది. రెండోది పెత్తనానిది. మెనూలో ఏది ఎక్కడుండాలో ఎవరు నిర్ణయిస్తారన్నది. మొదటిది కొన్నాళ్లకు దానంతటదే సర్దుకుంటుంది, లేదా ఒక్క సెట్టింగ్‌తో పోతుంది. రెండోది ఎంత ఓపిక పట్టినా పోదు, ఎందుకంటే అది మెనూ తయారీలోనే ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టి "కొత్తది కదా, అలవాటైపోతుందిలే" అనుకునేవాళ్లు ఏళ్ల తర్వాత కూడా విసుక్కుంటూనే ఉంటారు.

మూల ఎందుకంత ముఖ్యం

స్టార్ట్ బటన్ పుట్టింది విండోస్ 95తో, 1995 ఆగస్టు 24న. అంతకుముందు విండోస్ 3.1లో ప్రోగ్రామ్ మేనేజర్ అని ఒకటుండేది. దాంట్లో కిటికీ మీద కిటికీ తెరుచుకుని, కిందపడింది కనపడకుండా పోయేది. కొత్తవాళ్లను కూర్చోబెట్టి మైక్రోసాఫ్ట్ చేసిన పరీక్షల్లో, అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక జనం స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయేవారట. డబుల్ క్లిక్ కూడా చాలామందికి కొరుకుడు పడలేదు. మనస్తత్వశాస్త్రం చదువుకుని వచ్చిన డానీ ఓరన్ అనే డిజైనర్ దీనికి కనిపెట్టిన మందు, ఎప్పుడూ ఒకేచోట ఉండే ఒక బటన్. దాని మీద మొదట "సిస్టమ్" అని రాశారు. అదీ అర్థం కాకపోవడంతో "స్టార్ట్" అన్నారు. పెట్టిన చోటు కింద ఎడమ మూల.

ఆ మూలకు ఓ ప్రత్యేకత ఉంది. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ఒక సూత్రం చెప్పాడు. ఒక గురిని చేరడానికి పట్టే సమయం, అది ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్న రెండిటి మీద ఆధారపడుతుంది. ఆయన చెప్పింది చేతి కదలికల గురించే అయినా, తర్వాత కంప్యూటర్ స్క్రీన్లు తయారుచేసేవాళ్లకు అది పెద్దబాలశిక్ష అయిపోయింది. స్క్రీన్ అంచు దగ్గర మౌస్ బాణం ఆగిపోతుంది, ఎంత తోసినా దాటిపోదు. మూలలోనైతే రెండు వైపులా గోడే. అంటే మూలలో ఉన్న బటన్ చూడ్డానికి చిన్నదైనా, చేతి లెక్కలో అంతులేనంత పెద్దది. చూడక్కర్లేదు, ఆచితూచి ఆపక్కర్లేదు. మౌస్‌ని అటు విసిరేస్తే చాలు. తమాషా ఏమిటంటే విండోస్ 95 ఈ లాభాన్ని చేతులారా పోగొట్టుకుంది. బటన్‌కీ మూలకీ మధ్య ఒకటి రెండు చుక్కల సందు వదిలేశారు. సరిగ్గా మూలలో నొక్కితే ఏమీ జరిగేది కాదు. తర్వాతి వెర్షన్లలో ఆ సందు పూడ్చారు.

విండోస్ 11 ఆ బటన్‌ని మధ్యకు తెచ్చింది. మూల పోవడం ఒక ఎత్తు. అంతకన్నా ఇబ్బంది పెట్టేదీ, చాలామంది గమనించనిదీ ఇంకొకటుంది. మధ్యలోకి వచ్చిన స్టార్ట్ బటన్ కదులుతూ ఉంటుంది. స్క్రీన్ అడుగున ఉండే పట్టీ, అంటే టాస్క్‌బార్ మీది ఐకాన్ల వరసంతా కలిపి మధ్యకు వచ్చేలా చూసుకుంటుంది కాబట్టి, మీరు కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా వరస రెండు వైపులా పెరిగి, స్టార్ట్ బటన్ కాస్త ఎడమకు జరుగుతుంది. మూసేస్తే మళ్లీ కుడికి వస్తుంది. పొద్దున్న ఏమీ తెరవకముందు ఒకచోట, మధ్యాహ్నం బ్రౌజరూ ఎక్సెలూ ట్యాలీ అన్నీ తెరిచాక ఇంకోచోట. పోపుల పెట్టెలో ఆవాల గిన్నె ఎటుందో చూడకుండానే చేయి వెళ్తుంది, అది రోజూ అక్కడే ఉంటుంది గనక. గంటగంటకూ ఇటూ అటూ జరిగే గిన్నెను చేయి ఎప్పటికీ నేర్చుకోలేదు, ప్రతిసారీ కంటితో వెతకాల్సిందే. కాబట్టి ఇది ఉట్టి అలవాటు సమస్య అనేవాళ్లు సగమే చెబుతున్నారు.

మరి ఎందుకు తెచ్చారు మధ్యకు? రెండు తెరల పరికరాల కోసం మైక్రోసాఫ్ట్ 2019లో విండోస్ 10ఎక్స్ అని ఒకటి ప్రకటించింది. 2021 మేలో దాన్ని విరమించుకుంది. దాని కోసం గీసిన మధ్య మెనూ మాత్రం అదే ఏడాది విండోస్ 11లో తేలింది. పెద్ద వెడల్పు మానిటర్ ముందు కూర్చునేవాళ్లకు మధ్యలో ఉండటం నిజంగానే బాగుంటుంది, మూల దాకా మెడ తిప్పక్కర్లేదు. మనలో ఎక్కువమంది వాడే 14, 15 అంగుళాల లాప్‌టాప్‌లో మూల ఎంత దూరమని!

పాత చోటికి మార్చుకోవడం సులువే. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, టాస్క్‌బార్ సెట్టింగ్స్ తెరవండి. అడుగున టాస్క్‌బార్ బిహేవియర్స్ ఉంటుంది, దాంట్లో టాస్క్‌బార్ అలైన్‌మెంట్ దగ్గర సెంటర్ బదులు లెఫ్ట్ పెట్టండి. అప్‌గ్రేడ్ అయ్యాక చేయాల్సిన మొదటి పని ఇదేనని నా అభిప్రాయం. కొత్తదానికి అలవాటు పడటం మంచిదే కదా అని మొహమాటపడి మధ్యలోనే ఉంచుకుంటే వచ్చే లాభమేమీ లేదు.

మూల పోవడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. ఫోన్‌లో సాయం చేసేవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. డల్లాస్‌లోనో బెంగళూరులోనో కొడుకు, ఏలూరులో తండ్రి. ఇన్నాళ్లూ ఏ సమస్య వచ్చినా మొదటి వాక్యం ఒకటే.

"నాన్నా, కింద ఎడమ పక్క మూల నొక్కు."

"నొక్కాను రా. ముప్పై రెండు డిగ్రీలు, ఎండ అని వచ్చింది. ఏవో వార్తలు కూడా వస్తున్నాయి."

"అది వాతావరణం నాన్నా. అది తీసెయ్. మధ్యలో నీలంగా నాలుగు గళ్లు కనపడుతున్నాయా?"

"మధ్యలో అంటే? స్క్రీన్ మధ్యలోనా?"

మెనూ మధ్యకు వెళ్లాక ఆ ఎడమ మూలలో విడ్జెట్స్ వచ్చి కూర్చున్నాయి. పాత అలవాటు కొద్దీ నొక్కితే వాతావరణమూ, వార్తలూ తెరుచుకుంటాయి. పైగా వాటికి నొక్కాల్సిన పని కూడా లేదు, మౌస్ అటు వెళ్లి కాసేపు ఆగినా చాలు. అదే టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో విడ్జెట్స్‌ని ఆఫ్ చేస్తే ఆ గొడవ వదులుతుంది. ఇలాంటి సమయంలో ఫోన్‌లో చెప్పడానికి నమ్మకమైన మాట ఒకటే: "కీబోర్డ్ మీద, కింది వరసలో విండోస్ గుర్తున్న కీ నొక్కు." బటన్ ఎటు పోయినా ఆ కీ ఎక్కడికీ పోదు.

సర్దడం ఎవరి పని

ఇక రెండో సమస్య. ఇది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

విండోస్ 95 మెనూ ఒట్టి ఫోల్డర్ల జాబితా. ప్రోగ్రామ్స్ అన్న మాట మీదికి వెళ్తే పక్కన ఇంకో జాబితా, దాని పక్కన ఇంకొకటి. ప్రతి కంపెనీ తన పేరుతో ఫోల్డర్ పెట్టి, అందులో రీడ్‌మీ, అన్‌ఇన్‌స్టాల్ అన్నీ కుక్కేది. అందంగా ఉండేది కాదు. కానీ పూర్తిగా మన చేతిలో ఉండేది. మనం సర్దితే సర్దినట్టు, వదిలేస్తే వదిలేసినట్టు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ మెనూని రెండు వరసలు చేసింది. ఎడమ పక్క మీరు ఎక్కువగా వాడే ప్రోగ్రాములను తనే లెక్కేసి పెట్టడం మొదలెట్టింది. మెనూలో ఏముండాలో విండోస్ తన తెలివి చూపించడం అక్కడ మొదలైంది. అయితే వాటికి పైన మీరు పిన్ చేసుకున్నవి, అంటే ఒకచోట గుచ్చి పెట్టుకున్నవి మాత్రం కదలకుండా ఉండేవి. ఈ రాజీ బాగుండేది. ఎక్స్‌పీ మెనూని ఇప్పటికీ తలుచుకునేవాళ్లు ఉన్నారంటే దాని వెనక ఇదీ ఓ కారణమని నాకనిపిస్తుంది.

ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టాలో మెనూకి వెతుకులాట పెట్టె వచ్చింది. 2009లో విండోస్ 7 వచ్చాక ప్రోగ్రాములను టాస్క్‌బార్ మీదే పిన్ చేసుకోవడం జనానికి బాగా అలవాటైంది. మైక్రోసాఫ్ట్ తన దగ్గరున్న వాడకం లెక్కలు చూసుకుంటే స్టార్ట్ మెనూ వాడకం తగ్గుతోందని తేలింది. పక్కన చూస్తే ఐప్యాడ్ దూసుకుపోతోంది. రెండూ కలిపి వాళ్లు తీసుకున్న నిర్ణయం 2012 అక్టోబర్ 26న విండోస్ 8గా బయటికొచ్చింది. స్టార్ట్ బటన్ లేదు, మెనూ లేదు, వాటి స్థానంలో స్క్రీన్ నిండా రంగురంగుల పలకలు. తక్కువగా వాడుతున్నారు అన్నది నిజమే కావచ్చు. కానీ రోజూ వాడేవాటికి టాస్క్‌బార్ ఉన్నప్పుడు, మెనూ దగ్గరికి వెళ్లేది అరుదుగా కావాల్సినది దొరకనప్పుడే. అలాంటి వస్తువుకు వాడకం లెక్క కట్టి విలువ తేల్చడం పొరపాటు. జనం గగ్గోలు పెట్టారు. క్లాసిక్ షెల్, స్టార్ట్8 లాంటి బయటి ప్రోగ్రాములు వేసుకుని పాత మెనూని తెచ్చుకున్నారు. 2013లో 8.1తో బటన్ వెనక్కి వచ్చింది గానీ, నొక్కితే మళ్లీ ఆ పలకల తెరే. 2015 జూలై 29న విండోస్ 10తో గానీ మెనూ తిరిగి రాలేదు.

ఆ విండోస్ 10 మెనూలో పలకలు ఉన్నా, వాటిని చిన్నవీ పెద్దవీ చేసుకోవచ్చు, గుంపులు కట్టి "ఆఫీసు", "పిల్లల చదువు" అని పేర్లు పెట్టుకోవచ్చు, మెనూ అంచు పట్టుకుని సాగదీయొచ్చు. ఓపికున్నవాళ్లు దాన్ని సొంతిల్లులా సర్దుకున్నారు. అప్‌గ్రేడ్‌లో కొట్టుకుపోయింది అదే. విండోస్ 11 విడుదలప్పుడు మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పింది: విండోస్ 10లో పిన్ చేసుకున్నవి కొత్తదాంట్లోకి రావు, పేర్లు పెట్టుకున్న గుంపులుండవు, తాజా సమాచారం చూపిస్తూ మారే పలకలుండవు, మెనూ సైజు మార్చుకోలేరు. ఈ జాబితాను అప్‌గ్రేడ్‌కి ముందు చదివినవాళ్లు ఎంతమంది?

వాటి బదులు 2021 మెనూలో ఇచ్చినవి రెండు భాగాలు. పైన పిన్డ్, కింద రికమెండెడ్. పైది మనది. కిందిది విండోస్‌ది: కొత్తగా వేసిన ప్రోగ్రాములు, ఈమధ్య తెరిచిన ఫైళ్లు. దాదాపు సగం మెనూ దానికే పోయింది. సెట్టింగ్స్‌లో అన్నీ ఆఫ్ చేసినా ఆ చోటు మనకు దక్కేది కాదు, ఖాళీగా పడి ఉండేది. 2022లో పిన్‌లకు కాస్త ఎక్కువ చోటిచ్చే ఏర్పాటు, ఐకాన్లను ఫోల్డర్లుగా కలుపుకునే వీలు వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో ఆ రికమెండెడ్‌లోకే స్టోర్ నుంచి "ఈ యాప్ వేసుకోండి" అనే సిఫార్సులు కూడా తెచ్చారు. డబ్బు పెట్టి కొన్న సిస్టమ్‌లో, నేను ఎక్సెల్ తెరుద్దామని వెళ్లిన చోట నాకు అడగని సరుకు చూపించడమేమిటని చాలామందికి ఒళ్లు మండింది. ఆఫ్ చేసుకునే మీట ఇచ్చారు. కాకపోతే అది మొదట ఆన్‌లో ఉంటుంది, ఆఫ్ చేసే పని మనకు మిగిలింది.

2025 మెనూలో ఏముంది

కొత్త మెనూ దీంట్లో కొంత సరిదిద్దింది. ఇప్పుడంతా ఒకే పేజీ, కిందికి జరుపుకుంటూ పోవడమే. పైన పిన్ చేసినవి, తర్వాత రికమెండెడ్, దాని కింద ఆల్ అనే పూర్తి జాబితా. ఆల్ యాప్స్ అని వేరే బటన్ నొక్కే పని లేదు. స్క్రీన్ పెద్దదైతే మెనూ కూడా పెద్దదవుతుంది. పెద్ద స్క్రీన్ మీద ఒక వరసలో ఎనిమిది పిన్‌లు పడితే, చిన్నదాంట్లో ఆరు పడతాయి. ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపే ఫోన్ లింక్ యాప్ వాడేవాళ్లకు పక్కన ఫోన్ సమాచారం చూపే పలక ఒకటి తెరుచుకుంటుంది. అన్నిటికన్నా మేలైన మార్పు, రికమెండెడ్‌ని మొత్తంగా తీసేయొచ్చు. ఆ చోటు నిజంగానే ఖాళీ అయి కిందివి పైకి జరుగుతాయి.

ఆల్ జాబితాను మూడు రకాలుగా చూడొచ్చు: కేటగిరీ, గ్రిడ్, లిస్ట్. కేటగిరీలో విండోస్ మీ ప్రోగ్రాములను ప్రొడక్టివిటీ, క్రియేటివిటీ అంటూ తనే గుంపులు చేస్తుంది. ఫోన్ వాడేవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ ఆ గుంపుల్ని మనం మార్చలేం, సొంత గుంపు పెట్టుకోలేం, ఒకదాన్ని తీసి ఇంకోదాంట్లో వేయలేం. ఏ గుంపులోకీ ఇమడనివన్నీ అదర్ అనే బుట్టలో పడతాయి. పేజ్‌మేకరూ, అను స్క్రిప్ట్ మేనేజరూ పెట్టుకుని పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో ఉండేవి ఎక్కువగా పాత ప్రోగ్రాములు. కేటగిరీలో వాటిని వెతకాలంటే నేనైతే ముందు ఆ అదర్‌లోనే చూస్తాను. ఇంకో చిక్కు. కేటగిరీ వరస వాడకాన్ని బట్టి మారుతుంది. ఈ వారం పైకి వచ్చింది వచ్చే వారం అక్కడే ఉండాలని లేదు. మధ్యకు తెచ్చిన స్టార్ట్ బటన్‌తో వచ్చిన తంటానే ఇది కూడా, కదిలే గురి. గ్రిడ్, లిస్ట్ రెండూ అక్షరక్రమంలో ఉంటాయి. కొత్తది వేస్తే తప్ప వాటిలో ఏదీ పెద్దగా జరగదు. ఆల్ అన్న మాట పక్కనే చూసే తీరు మార్చే మీట ఉంటుంది. ఒకసారి లిస్ట్ పెడితే తర్వాత కూడా అలాగే ఉంటుంది. పెద్దవాళ్ల కంప్యూటర్ అయితే నిస్సందేహంగా లిస్ట్ పెట్టండి.

రికమెండెడ్ తీసేయడంలో మాత్రం ఒక మెలిక ఉంది, కాస్త నిదానంగా చూడాలి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో స్టార్ట్ దగ్గరికి వెళ్తే మీటలు వరసగా ఉంటాయి. కొత్త యాప్‌లు చూపించడానికి ఒకటి, ఎక్కువ వాడేవి చూపించడానికి ఒకటి, టిప్స్, కొత్త యాప్‌ల సిఫార్సులకు ఒకటి. ఇవి ఆఫ్ చేస్తే పోయేదేమీ లేదు. ఫైళ్ల మీట దగ్గరే ఆగాలి. దాని మీద రాసింది పూర్తిగా చదివితే, ఒకే మీటకు మూడు పనులు కట్టారని తెలుస్తుంది: స్టార్ట్‌లో సిఫార్సు ఫైళ్లు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఈమధ్య తెరిచిన ఫైళ్లు, జంప్ లిస్ట్‌లు. టాస్క్‌బార్ మీది ఎక్సెల్ గుర్తు మీద రైట్ క్లిక్ చేస్తే నిన్నటి ఫైళ్ల పేర్లు వస్తాయి చూడండి, అదే జంప్ లిస్ట్. ఒక అకౌంటెంట్ స్టార్ట్ మెనూ శుభ్రంగా ఉండాలని ఈ మీట ఆఫ్ చేశాడనుకోండి. మర్నాడు పొద్దున్న ఎక్సెల్ మీద రైట్ క్లిక్ చేస్తే నిన్నటి లెడ్జర్ పేరుండదు. ఫైలు భద్రంగానే ఉంటుంది, దారి మూసుకుపోతుంది. ఎక్సెల్ తెరిచి లోపల రీసెంట్ జాబితా చూస్తే అక్కడ దొరుకుతుంది, అది ఆ ప్రోగ్రామ్ సొంత లెక్క కాబట్టి ఈ మీటతో సంబంధం ఉండదు.

మరి ఉంచాలా, తీయాలా? ఇంట్లో ఒక్కరే వాడే కంప్యూటర్‌లో ఉంచుకున్నా నష్టం లేదు, నిన్న వదిలేసిన ఫైలు ఇట్టే దొరుకుతుంది. క్లాసులో, మీటింగ్‌లో ప్రొజెక్టర్‌కి తగిలించే లాప్‌టాప్‌లో తీసేయడమే మంచిది. స్టార్ట్ నొక్కగానే ఎవరి జీతం కాగితమో, ఎవరి మెడికల్ రిపోర్టో పేరుతో సహా గోడ మీద పడుతుంది. మీసేవ కౌంటర్లు, జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లలోనైతే ఆలోచించకుండా తీసేయాలి. ముందు వచ్చినావిడ ఆధార్ ఫైలు పేరు వెనక వచ్చినాయన చూడకూడదు. పెన్‌డ్రైవ్ తీసేశాక కూడా ఆ పేరు జాబితాలో మిగిలి ఉండొచ్చు.

వెతుకులాట, తెలుగు కీబోర్డు

"మెనూ గొడవే వద్దు, విండోస్ కీ నొక్కి పేరు కొట్టండి" అని కంప్యూటర్ తెలిసినవాళ్లు సలహా ఇస్తారు. మంచి సలహానే. విస్టా నుంచి ఇప్పటిదాకా మెనూ ఎన్ని వేషాలు మార్చినా ఇది దాదాపు ఒకేలా పనిచేస్తోంది. ఇంగ్లిష్‌లో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. కానీ ఇది అందరికీ పనికిరాదు. వెతకాలంటే పేరు గుర్తుండాలి. రోజూ వాడే ప్రోగ్రామ్ పేరేమిటో తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు తెలిసింది "ఆ ఎర్ర గుర్తుది", "మూడో వరసలో చివరిది". చోటూ బొమ్మే వాళ్లకు పేరు. అలాంటివాళ్లకు వెతుకులాట నేర్పే బదులు, కావాల్సిన ఐకాన్లు నాలుగైదు టాస్క్‌బార్ మీద పెట్టి ఇవ్వడం మేలు.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. వార్తో, లేఖో తెలుగులో కొట్టి, కీబోర్డుని తిరిగి ఇంగ్లిష్‌కి మార్చడం మరచిపోయి విండోస్ కీ నొక్కుతారు. నోట్‌ప్యాడ్ కోసం కొడితే పెట్టెలో తెలుగు అక్షరాలు పడతాయి. ప్రోగ్రామ్ దొరకదు, పైగా ఆ తెలుగు ముక్కను ఇంటర్నెట్‌లో వెతకమంటారా అని అడుగుతుంది. అప్‌గ్రేడ్‌లో ప్రోగ్రామ్ పోయిందనుకుని హడలిపోవడం ఇక్కడే జరుగుతుంది. టాస్క్‌బార్ కుడి కొసన ఏ భాష ఉందో చూడండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. 2019 నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది కాబట్టి, ఇలా రెండు భాషల మధ్య తిరిగేవాళ్లు ఈ రెండు కీలను వేలికి నేర్పించక తప్పదు.

మెనూతో పని లేకుండా

నన్నడిగితే స్టార్ట్ మెనూని నేర్చుకోవడం కన్నా దాని మీద ఆధారపడటం తగ్గించుకోవడమే తెలివైన పని. ఇంకో మూడు నాలుగేళ్లకు మళ్లీ మారుస్తారు, అనుమానం అక్కర్లేదు. టాస్క్‌బార్ మీద పిన్ చేసుకున్నవి మాత్రం విండోస్ 7 నుంచీ ఒకే తీరుగా పనిచేస్తున్నాయి. ఎడమ నుంచి మొదటిదానికి విండోస్ కీతో 1, రెండోదానికి విండోస్ కీతో 2, ఇలా తొమ్మిది దాకా నంబర్లతోనే తెరవొచ్చు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కినా, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసినా సెట్టింగ్స్, టాస్క్ మేనేజర్, షట్‌డౌన్ అన్నీ ఉన్న ఒక సాదా జాబితా వస్తుంది. దీన్ని ఎందుకో చాలామంది పట్టించుకోరు. డెస్క్‌టాప్ మీద ఉండి ఆల్ట్, ఎఫ్4 నొక్కితే షట్‌డౌన్ పెట్టె తెరుచుకుంటుంది, విండోస్ 95 నాటి పద్ధతే.

స్టార్ట్‌లో మొదటే పిన్ చేసి ఉంచిన వాటిలో కొన్ని అసలు మీ కంప్యూటర్‌లో ఉండవు, నొక్కితేనే దిగుతాయి. వాటన్నిటినీ రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ చేసేయండి. జాబితాలో మీ పాత ప్రోగ్రామ్ ఎంతకీ కనపడకపోతే, దాన్ని వేసిన ఫోల్డర్‌కి వెళ్లి అసలు ఫైలు మీద రైట్ క్లిక్ చేసి పిన్ టు స్టార్ట్ అనండి.

పాత మెనూనే కావాలని పంతం పట్టినవాళ్ల కోసం ఓపెన్‌షెల్, స్టార్ట్11, స్టార్ట్ఆల్‌బ్యాక్ లాంటివి ఉన్నాయి. మొదటిది ఉచితం, మిగతా రెండూ కొనాలి. బాగానే పనిచేస్తాయి. అయితే ఇవన్నీ విండోస్ లోపలి భాగాలను తగులుకుని పనిచేసేవి, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు తేడా చేయొచ్చు. సొంత కంప్యూటర్‌లో, ఏదైనా అయితే తీసి మళ్లీ వేసుకోగలిగినవాళ్లకైతే పర్వాలేదు. ఫోన్‌లో మీ సాయం మీద ఆధారపడ్డ అమ్మానాన్నల కంప్యూటర్‌లో వద్దు.

ఇంకా విండోస్ 10లోనే ఉండి, మారబోతున్నవాళ్లు ముందురోజు స్టార్ట్ మెనూ తెరిచి ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. పిన్ చేసినవి వెంట రావు గనక, ఆ ఫొటో చూసి కొత్త మెనూ మొదటి వరసలో అదే క్రమంలో పెట్టుకోవచ్చు. ఇప్పటికే మారి, అస్సలు పొసగడం లేదనుకునేవాళ్లకు పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే దారి ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్. కానీ సపోర్ట్ ఆగిన సిస్టమ్‌కి మెనూ కోసం తిరిగి వెళ్లడం సరైన బేరం కాదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ అయితే అసలే వద్దు.